పెరటి కోళ్లు ఈకలు పీక్కుంటున్నప్పుడు ముందు చూడవలసింది నేలను

అందరికీ నమస్కారం. ఇంటి పెరట్లో నాలుగైదు పెట్టల నుంచి ఇరవై ముప్ఫై దాకా పెంచుకుంటున్నవారే ఈ సభలో ఎక్కువమంది ఉన్నారని తెలిసి, పెద్ద ఫారాల సంగతి పక్కన పెట్టి, పెరటి మంద గురించే మాట్లాడదామని వచ్చాను. మీలో చాలామందికి ఇది ఎదురై ఉంటుంది. ఒక ఉదయం గూటి తలుపు తీసేసరికి, నిన్నటిదాకా నిండుగా ఉన్న పెట్ట నడుము మీద అరచేతి మేర చర్మం బయటపడి కనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఇంకో పెట్టకూ అదే గతి పడుతుంది. ఏ జబ్బు సోకిందోనని కొందరు కంగారు పడతారు, ఏ కోడికి పొగరెక్కి ఈ పని చేస్తోందోనని కొందరు కాపు కాస్తారు. చాలా ఏళ్ల కిందట నేనూ ఈ రెండో తీరులోనే ఆలోచించాను. ఆ ఆలోచన మూలంగా నా మందలో ఒక పెట్ట ప్రాణం పోయింది కాబట్టి, తప్పు ఎక్కడ జరిగిందో మీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అప్పట్లో నా దగ్గర పదకొండు పెట్టలుండేవి. ముసురు పట్టి పెరడంతా బురదైపోవడంతో వాటిని పది రోజులపాటు సిమెంటు గచ్చున్న కొట్టంలోనే ఉంచాను. గుళికల దాణా తొట్టినిండా పోసేవాణ్ని, నీళ్లు మార్చేవాణ్ని, ఏ లోటూ చేయడం లేదనుకునేవాణ్ని. ఆరో రోజున ఒక గోధుమరంగు పెట్ట మిగతావాటి తోక మొదట్లో ఈకలు పీకి మింగడం కళ్లారా చూసి, దాన్ని తీసి వేరే గంప కింద పెట్టాను. రెండు రోజులు అంతా సద్దుమణిగినట్టే ఉంది. మూడో రోజున ఇంకో పెట్ట అదే పని మొదలుపెట్టింది, దాన్ని చూసి మరొకటి అందుకుంది. ఒక మధ్యాహ్నం నేను ఊళ్లో లేని సమయంలో, బోడిచర్మం మీద చిన్న గాటుపడి నెత్తురు కనబడిన పెట్టను మిగిలినవన్నీ చుట్టుముట్టి చంపేశాయి. దోషిని పట్టుకున్నాననుకున్నాను కానీ, దోషం కోడిలో లేదు. రోజంతా నేలను కెలికి బతకవలసిన పక్షి కాళ్ల కింద కెలకడానికి ఏమీ లేకుండా చేసిన నా కొట్టంలో ఉంది.

ఈ మాట ఊహ కాదు, దీని వెనుక పరిశీలనలున్నాయి. మన కోళ్లకు మూలమైన అడవికోడి జాతి పక్షులను మేరియన్ స్టాంప్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త గమనించి 1989లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాటికి మేత సమృద్ధిగా వేస్తున్నప్పటికీ, మేల్కొని తిరిగే వేళలో గమనించిన నిమిషాల్లో సుమారు 60 శాతం నిమిషాల్లో అవి నేలను పొడుస్తూ, 34 శాతం నిమిషాల్లో కాళ్లతో గీరుతూ కనిపించాయి. కోడికి కడుపు నిండటం వేరు, ముక్కుకు పని దొరకడం వేరు. గుళికల దాణా కొద్దిసేపట్లో కడుపు నింపేస్తుంది. ముక్కులోని ఆ తపన మాత్రం సాయంత్రందాకా అలాగే మిగిలి ఉంటుంది. కాళ్ల కింద ఆకులు, పొట్టు, మట్టి, పురుగులు లేనప్పుడు, పొడవడానికి వీలుగా కంటి ఎదుట కదులుతూ కనిపించేది పక్క కోడి ఒంటి మీది ఈక ఒక్కటే. అందుకే ఈకలు పీకడాన్ని దారి తప్పిన మేత వెతుకులాటగా పరిశోధకుల్లో అత్యధికులు భావిస్తారు. దుమ్ములో పొర్లే అవకాశం లేకపోవడం కూడా ఇందుకు కారణం కావచ్చునని వారిలో కొందరు వాదించారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

దీన్ని పోట్లాటతో కలపకూడదు. కోళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనుక అనే వరస ఉంటుందని నార్వే దేశస్థుడు షెల్డెరప్-ఎబ్బె 1920ల తొలినాళ్లలోనే వర్ణించాడు. ఈనాడు మనం వాడే ‘పెకింగ్ ఆర్డర్’ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆ వరస కోసం జరిగే పొడుపు ఎప్పుడూ తల మీద, జుట్టు మీద, మెడ మీద పడుతుంది. పొడిచే కోడి నిటారుగా లేచి పైనుంచి కిందికి వేటు వేస్తుంది. పొడిపించుకున్నది తప్పుకోగానే వ్యవహారం ముగుస్తుంది. ఈకలు పీకే కోడి తీరు పూర్తిగా భిన్నం. అది నెమ్మదిగా, ఎలాంటి కోపమూ లేకుండా, నేల మీద గింజను చూసినట్టే పక్క కోడి నడుమును, తోక మొదలును చూస్తూ దగ్గరికి వస్తుంది. ఈకను పట్టి లాగుతుంది. చాలాసార్లు దాన్ని మింగేస్తుంది కూడా. ఈ తేడాను మీరు పావుగంటసేపు దూరంగా కూర్చుని చూస్తే చాలు, స్పష్టంగా తెలిసిపోతుంది. ఆ పావుగంట వెచ్చించకుండా మందులు కొనడానికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

అయితే బోడిమచ్చ కనిపించిన ప్రతిసారీ అది పీకుడే కానక్కర్లేదు. ఈకలు ఎక్కడ ఊడాయన్నదే మొదటి సాక్ష్యం. ఏడాది దాటిన పెట్టలు పగటి పొద్దు తగ్గుతున్న కాలంలో సహజంగా ఈకలు రాల్చి కొత్తవి తొడుగుకుంటాయి. దీన్నే మోల్టింగ్ అంటాం. ఇది తల, మెడ దగ్గర మొదలై క్రమంగా ఒంటిమీదుగా తోకదాకా సాగుతుంది, గుడ్లు ఆగిపోతాయి, రెండు మూడు నెలలు పట్టవచ్చు. చర్మం శుభ్రంగా ఉండి, చిన్న చిన్న ముళ్లలాంటి కొత్త ఈకలు పొడుచుకు వస్తుంటే దిగులు పడనక్కర్లేదు. పొదుగుకు కూర్చున్న పెట్ట తన రొమ్ము ఈకలను తానే పీక్కుని ఒంటివేడి నేరుగా గుడ్లకు తగిలేలా చేసుకుంటుంది; అది కూడా జబ్బు కాదు. వీపు మీద, రెక్కల మొదళ్ల దగ్గర, తల వెనుక మాత్రమే ఈకలు విరిగి ఉంటే పుంజును చూడండి. ఎక్కేటప్పుడు దాని గోళ్లు, ముక్కు ఆ చోట్లలోనే పడతాయి. ఒక పుంజుకు ఎనిమిది పది పెట్టలుంటే ఆ భారం పంచుకుంటాయి. మూడు నాలుగు పెట్టలకు ఒక పుంజు ఉంటే, దానికి ఇష్టమైన పెట్ట వీపు నిలవదు. అలాంటి పెట్టకు వీపును కప్పే గుడ్డ తొడుగు కట్టవచ్చు. కానీ పుంజును కొన్నాళ్లు వేరుచేయడమే మేలైన పని.

ఇక పురుగులు. పేలు పగలూ రాత్రీ కోడి ఒంటిమీదే ఉంటాయి. గుడ్డు పెట్టే ద్వారం చుట్టూ ఈకలను విడదీసి చూస్తే లేత పసుపు రంగు పేలు పరుగెత్తడం, ఈక మొదళ్లలో తెల్లటి గుడ్లు ముద్దలుగా అంటుకుని ఉండటం కనబడుతుంది. ఎర్ర మైట్లు అంతకంటే మోసకారివి. పగలంతా గూటి చెక్కల సందుల్లో, కోళ్లు వాలే కర్రల అడుగున దాక్కుని, రాత్రివేళ పైకి వచ్చి నెత్తురు పీల్చి మళ్లీ వెళ్లిపోతాయి. కాబట్టి పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. చీకటి పడ్డాక కర్ర అడుగున తెల్ల కాగితంతో తుడిచి చూస్తే ఎర్రటి మరకలు పడతాయి. వెచ్చటి వాతావరణంలో వారం రోజుల్లోనే ఒక తరం పూర్తవుతుంది. నెత్తురు దొరక్కపోయినా ఇవి నెలల తరబడి బతకగలవు. అంటే కోడికి మందు పూసి గూటిని వదిలేస్తే పని సగంలోనే ఆగిపోయినట్టు. సందులన్నీ కడిగి, ఆరబెట్టి, పశువైద్యులు చెప్పిన మందును గూటికీ కోడికీ వాడి, గుడ్లలోంచి కొత్తగా పుట్టినవాటి కోసం వారం పది రోజులకు మళ్లీ అదే చేయాలి. ఏ మందైనా వాడిన తర్వాత ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో ముందే అడిగి తెలుసుకోండి. పురుగుల దురదతో కోడి తన ఈకలను తానే పీక్కుంటుంది. ఒకే పెట్ట, తన ముక్కు అందే చోట్ల మాత్రమే, అంటే రొమ్ము, కడుపు, ద్వారం చుట్టూ బోడిగా ఉండి తల, మెడ నిండుగా ఉంటే, పొదుగు కూడా కాదనుకుంటే, అనుమానం ముందు పురుగుల మీదికే పోవాలి.

ఇవన్నీ కాదని తేలి, నడుము మీద, తోక మొదట్లో, ఒకటికి మించి పెట్టలకు ఈకలు ఊడుతున్నాయంటే, ఊడిన ఈకలు నేల మీద కూడా కనబడటం లేదంటే, అది పీకుడే. నేల మీద ఈకలు లేకపోవడం చాలా ముఖ్యమైన ఆధారం. అవి కోళ్ల కడుపులోకి పోతున్నాయి.

ఈకలు ఎందుకు తింటాయన్న ప్రశ్న మనల్ని దాణా దగ్గరికి తీసుకెళ్తుంది. ఈక అంటే దాదాపు 90 శాతం ప్రోటీనే. అందులో గంధకం ఉన్న అమైనో ఆమ్లాల పాలు ఎక్కువ. ఈక తయారు కావడానికి కోడి శరీరానికి ఆ ఆమ్లాల్లో ఒకటైన మెథియోనిన్ కావాలి, అది దాణా నుంచే రావాలి. గుడ్లు పెట్టే పెట్టకు తయారుచేసే దాణాలో సాధారణంగా 16 శాతం ప్రోటీన్ ఉంటుంది. ఆ దాణాను సగం తగ్గించి, ప్రేమకొద్దీ ధాన్యం గింజలు, అన్నం మెతుకులు, రొట్టె ముక్కలు పెడుతూ పోతే, కోడి కడుపు నిండుతుంది గానీ ప్రోటీన్ పల్చబడిపోతుంది. అందుకే మొత్తం మేతలో ఇలాంటి చిరుతిండి పదో వంతు మించకూడదని చెబుతుంటాను. పప్పుజాతి గింజల్లో ప్రోటీన్ బాగానే ఉన్నా మెథియోనిన్ తక్కువ. చేప పొడిలోనూ, నువ్వుల చెక్క, పొద్దుతిరుగుడు చెక్కలలోనూ అది మెరుగు. ఈకలు రాల్చే కాలంలో 18 నుంచి 20 శాతం ప్రోటీన్ దాకా పెంచితే కొత్త ఈకలు త్వరగా నిండుతాయి. ఉప్పు లోపించినా పీకుడు పెరుగుతుంది. అయితే ఎవరికి వారు ఇంట్లో దాణాలో ఉప్పు కలపడం ప్రమాదకరం. మోతాదు మించితే ఉప్పు కోళ్లకు విషమే. సమపాళ్లలో తయారైన దాణా ప్రధాన ఆహారంగా ఉంటే ఈ బెడద రాదు.

దాణాలో ఏముందన్నదానితో పాటు అది ఏ రూపంలో ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇందాక ఒక అమ్మగారు చీటీ మీద రాసి పంపారు: గుళికలు మంచివా, పిండి దాణా మంచిదా అని. పీకుడు సమస్య ఉన్న మందకు పిండి దాణాయే మంచిదంటాను. గుళికలైతే కోడి గబగబా మింగేస్తుంది. అదే దాణా పిండిగా ఉంటే ముక్కుతో ఏరుకుంటూ చాలాసేపు తింటుంది. పీచు విషయం కూడా మీరు గమనించాలి. ఓట్స్ పొట్టులాంటి నీటిలో కరగని పీచు ఉన్న మేత తిన్న కోళ్లలో పీకుడు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పీచు జీర్ణాశయాన్ని నిండుగా ఉంచుతుంది. ఈక కూడా జీర్ణం కాని పీచులాగే పనిచేస్తుంది కనుక, పీచు కొరత ఉన్న కోడి ఈకలవైపు చూడటంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. నా అనుభవంలో అత్యధిక ఫలితం ఇచ్చింది ఇదే. కొట్టంలో జానెడు మందాన పొడి పొట్టు, ఎండుటాకులు, గడ్డి పరిచి, రోజూ ఉదయమూ మధ్యాహ్నమూ పిడికెడు గింజలు అందులో వెదజల్లితే, కోళ్లు గంటల తరబడి తల ఎత్తకుండా గీరుతూనే ఉంటాయి. గింజలు తొట్టిలో పోయడం కంటే పొట్టులో కలపడం మేలు; దొరకడం కొంచెం కష్టం కావాలి. ఆ పొట్టు తడిసి గట్టిపడితే మాత్రం అది ఉన్నా లేనట్టే. గడ్డపారతోనో పంజాతోనో వారానికి రెండుసార్లు తిరగేసి, తడిసిన చోట తీసేసి కొత్తది వేయాలి. కోడి తల ఎత్తులో ఆకుకూర కట్టను, క్యాబేజీ గడ్డను తాడుతో వేలాడదీస్తే పొడవడానికి అది కూడా ఉపయోగపడుతుంది. కట్టి వదిలేస్తే రెండు రోజుల్లో దాని మీద మోజు పోతుంది కాబట్టి మారుస్తూ ఉండాలి. ఏ వస్తువైనా పీకుడు మొదలయ్యాక తెచ్చిపెట్టడం కంటే, మొదలవక ముందే అక్కడ ఉండటం వందరెట్లు నయం. ఈక రుచి మరిగిన కోడికి నేల రుచి మళ్లీ నేర్పడానికి వారాలు పడుతుంది. దాన్ని చూసి పక్కవి నేర్చుకోవడానికి అన్ని రోజులు కూడా అక్కర్లేదు.

దుమ్ము స్నానానికి అడుగున్నర లోతున్న తొట్టిలో పొడి మట్టి, సన్న ఇసుక, కొంచెం కట్టెల బూడిద కలిపి వానకు తడవని చోట పెట్టండి. ఈకల మీద పేరుకున్న పాత నూనెను దుమ్ము పీల్చుకుని ఈకలు విడివిడిగా, వదులుగా నిలుస్తాయి. పురుగులు కూడా తగ్గుతాయి. ముద్దముద్దగా అతుక్కున్న, చెదిరిన ఈక చూపును లాగుతుంది. నిగనిగలాడుతూ సర్దుకుని ఉన్న ఈకను పీకడం తక్కువ. ఒకసారి ఈకలు చెదిరిన కోడికే మళ్లీ మళ్లీ పొడుపులు పడటానికి ఇదొక కారణం.

వెలుతురు, చోటు గురించి కొద్దిగా చెబుతాను. రాత్రి పడుకునే గూటిలో కోడికి కనీసం నాలుగు చదరపు అడుగులు, బయట తిరిగే ఆవరణలో పది చదరపు అడుగులు అన్నది పెరటి పెంపకందారులు సాధారణంగా పాటించే లెక్క. ఎక్కువ ఉంటే అంత మంచిది. పొడిచే కోడికి ఎదురు పడకుండా తప్పించుకోవడానికి ఎత్తైన కర్రలు, చాటునిచ్చే పలకలు, పొదలు ఉండాలి. కర్ర మరీ తక్కువ ఎత్తులో ఉంటే, దాని మీద కూర్చున్న కోడి తోక కింద నిలబడ్డ కోడి ముక్కుకు సరిగ్గా అందుతుంది. దాణా తొట్టి ఒకటే పెట్టకుండా రెండు మూడు చోట్ల పెడితే, బలహీనమైన పెట్ట కూడా కడుపునిండా తింటుంది.

గుడ్లు పెట్టే పెట్టెలు మాత్రం చీకటిగా ఉండాలి, దీన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. గుడ్డు బయటికి వచ్చే క్షణంలో లోపలి ఎర్రటి తడి పొర కొద్దిసేపు బయటికి వచ్చి లోపలికి వెళ్తుంది. పెట్టె మీద ఎండ పడుతుంటే ఆ ఎరుపు పక్క కోళ్ల కంట పడుతుంది. ఒక్క పొడుపుతో నెత్తురు, నెత్తురుతో మిగతావి. ద్వారం దగ్గర పొడవడం ఈకలు పీకడం కంటే ఎన్నో రెట్లు ప్రాణాంతకం, గంటల్లో పేగులదాకా పోతుంది. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చొప్పున ఉంచి, ముందు గుడ్డ తెర వేలాడదీయండి. బొద్దుగా పెరిగి మరీ లేత వయసులో గుడ్లు మొదలుపెట్టిన పెట్టలకు ఆ పొర లోపలికి పోవడం ఆలస్యమవుతుంది. వాటిని మొదటి వారాల్లో ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండాలి.

ఈ గుణంలో వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ 1990లలో ఒక్కొక్క కోడి గుడ్ల లెక్కను కాక, కలిసి బతికే గుంపు మొత్తం ఎలా ఉందో చూసి తర్వాతి తరాన్ని ఎంచుకుంటూ పోతే, పొడుచుకుని చావడం కొద్ది తరాల్లోనే బాగా తగ్గిపోయింది. పెరట్లో మనం చేయగలిగింది ఇంత పెద్దది కాకపోయినా, పీకే పెట్ట గుడ్లను పొదిగించకుండా ఉండటం మన చేతిలోని పనే. పిల్లలను పెంచేటప్పుడు కూడా మొదటి రోజు నుంచే వాటి కాళ్ల కింద కెలకదగ్గ పొట్టు ఉంచండి. తొలి వారాల్లో నేలను పొడవడం నేర్చుకున్న పిల్ల పెద్దయ్యాక కూడా నేలనే చూస్తుంది.

ముక్కు కొన కోయించమని మీకు సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. కోడి ముక్కు మన గోరులాంటిది కాదు. కొనదాకా నరాలున్నాయి, కోసిన చోట కొన్ని కోళ్లలో నొప్పి దీర్ఘకాలం నిలుస్తుంది. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ వంటి దేశాలు దాన్ని నిషేధించాయి. ముక్కు కోస్తే దెబ్బ తీవ్రత తగ్గుతుందేమో కానీ, పొడవాలన్న తపన తగ్గదు.

నెత్తురు కనబడిన పెట్టను మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా వేరుచేయాలి. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో ఒక టీస్పూను ఉప్పు కలిపి గాయాన్ని కడగండి. లోతుగా ఉన్నా, ద్వారం దగ్గర ఉన్నా పశువైద్యులకు చూపించండి. మిగతా కోళ్లను చూడగలిగేలా, అవి దాన్ని ముట్టుకోలేనట్టు, వల అవతల ఉంచితే మందలో దాని చోటు చెరిగిపోదు. నేను ఆ గోధుమరంగు పెట్టను కళ్లకు కనబడకుండా దాచి, తిరిగి తెచ్చినప్పుడు అది కొత్త కోడిలా వెంటపడి తరిమించుకుంది. పీకే పెట్టను వేరుచేయవలసి వచ్చినా ఇదే పద్ధతి పాటించండి. ఆ వారంలోగా మంద ఉన్న నేలను బాగుచేయండి. నేల మారకుండా కోడిని తిరిగి వదలడంలో అర్థం లేదు.

చివరగా చాలామంది అడిగేది, ఈకలు మళ్లీ ఎప్పుడు వస్తాయని. మొదలుతో సహా ఊడిన ఈక స్థానంలో కొత్తది వెంటనే మొలకెత్తి కొన్ని వారాల్లో నిండుతుంది. మధ్యలో విరిగి మొదలు చర్మంలోనే ఉండిపోతే, ఆ మొదలు రాలే మోల్టింగ్ దాకా అక్కడ కొత్త ఈక రాదు. అది నెలలు పట్టవచ్చు, దానికి మీరు చేసిన వైద్యం విఫలమైందనుకోకండి. కొత్తగా మొలిచే ఈక లోపల నెత్తురు ప్రవహిస్తూ ఉంటుంది, నీలిరంగు ముల్లులా కనిపిస్తుంది, పొడిస్తే నెత్తురు వస్తుంది, మిగతా కోళ్లను ఎక్కువగా ఆకర్షించేదీ అదే. కాబట్టి గాయం మానగానే పెట్టను తొందరపడి మందలోకి పంపకండి. ఆ నీలి ముళ్లు విచ్చుకుని, కుచ్చులుగా తెరుచుకుని, చర్మాన్ని కప్పేదాకా వల అవతలే ఉంచండి. ఆ తర్వాత ఒక సాయంత్రం, మిగతావి కర్రల మీదికి ఎక్కాక, దాని పాత చోట్లో కూర్చోబెట్టి, మర్నాడు తెల్లవారకముందే పొట్టులో గింజలు చల్లి ఉంచండి. కోళ్లు దిగి వచ్చేసరికి వాటికి పని సిద్ధంగా ఉండాలి. ఆ ఉదయం ఒక గంటసేపు మీరు కూడా అక్కడే కూర్చుని చూడండి.